శాలువా కప్పే ముందు పేరు రాద్దాం
(చరిత్ర వ్యాసం)

మా బడిలో ప్రతి సంవత్సరం సెప్టెంబరు 5న గురుపూజోత్సవం జరుగుతుంది. పొద్దున పెద్ద తరగతుల పిల్లలు టీచర్లుగా మారి చిన్నవాళ్లకు పాఠాలు చెబుతారు. సాయంత్రం ఊరి పెద్దలు వచ్చి సార్లకూ మేడమ్‌లకూ శాలువాలు కప్పుతారు. పోయిన ఏడాది ఆ వరుసలో మా ఆయమ్మను కూడా కూర్చోబెట్టారు. గంట కొట్టేది ఆమే, కుండల్లో నీళ్లు నింపేది ఆమే, ఒకటో తరగతి పిల్లలు అమ్మ కావాలని ఏడిస్తే చంకనేసుకుని తిప్పేదీ ఆమే. ఆ ఏడాదితో ఆమె పని చాలించుకుంటోంది.

మైకులో అందరి సేవా కాలం చదువుతున్నారు. ఫలానా సారు పద్దెనిమిదేళ్లు, ఫలానా మేడమ్ ఇరవై రెండేళ్లు. ఆయమ్మ దగ్గరికి వచ్చేసరికి చదివే సారు ఆగిపోయారు. సిబ్బంది రిజిస్టరులో ఆమె పేరు పదహారేళ్ల కిందటి నుంచే ఉంది. అంతకు ముందు జీతం చేతికి ఇచ్చేవాళ్లంట, సంతకం లేదు. "ఎన్నేళ్లయింది ఆయమ్మా?" అని మైకులోనే అడిగారు. "నాకేం తెలుసు నాయనా, మా చిన్నోడు ఒకటో క్లాసులో చేరినప్పుడు వచ్చినా" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మరుసటి రోజు సోషల్ సారు నవ్వలేదు. "మన జిల్లాలో పాత బడుల చరిత్ర ఏదైనా ఒకటి తీసుకోండి. అందులో రాజుల పేర్లు ఎన్ని, పనిచేసినవాళ్ల పేర్లు ఎన్ని దొరుకుతాయో చూసి రాయండి" అన్నారు. నేను క్యాథలిక్ బడులను తీసుకున్నాను. మాకు దగ్గర్లోనే ముద్గల్ ఉంది కాబట్టి.

ముద్గల్‌లో దొరికినవీ దొరకనివీ

రాయచూరు నుంచి లింగసుగూరు వెళ్లే దారిలో సిరవార దాటాక మా కవితాళ వస్తుంది. అదే దారిలో లింగసుగూరు చేరి, అక్కడి నుంచి ఇంకొంచెం ముందుకు పోతే ముద్గల్. కోటకూ మొహర్రంకూ పేరున్న ఊరు. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న మా నేల కోసం విజయనగర రాజులూ బీజాపూరు సుల్తానులూ ఎన్నోసార్లు కొట్లాడారు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను పట్టుకున్నప్పుడు ఆయన పక్షాన క్రిస్తొవావ్ ద ఫిగెరేదు అనే పోర్చుగీసువాడు తుపాకులవాళ్లతో వచ్చి సాయం చేశాడు. గోవా నుంచి మనుషుల రాకపోకలు అప్పటికే ఉన్నాయన్నమాట.

అదే శతాబ్దంలో గోవా నుంచి జెస్యూట్ గురువులు ముద్గల్ వచ్చారు. అక్కడ ఒక క్యాథలిక్ సమాజం ఏర్పడింది. ఆదిల్‌షాహీ సుల్తానుల్లో ఒకరు ఆ చర్చికి మాన్యం ఇచ్చారు. ఆ మాన్యం ఇంకా సాగుతోందని ఇంగ్లీషువాళ్ల కాలంలో అచ్చయిన గెజిటీరు కూడా రాసింది. ముసల్మాను సుల్తాను క్రైస్తవుల గుడికి మాన్యం ఇవ్వడం, అది వందల ఏళ్లు నడవడం మా జిల్లా గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి.

అయితే సారు అడిగిన లెక్క ప్రకారం చూస్తే, ఇక్కడ రాజుల గురించి రాత ఉంది, గురువుల సంఘం గురించి రాత ఉంది. ఆ వాడలో పిల్లలను కూర్చోబెట్టుకుని రోజూ ప్రార్థనలు వల్లె వేయించినవాళ్ల పేర్లు నాకు ఒక్కటీ దొరకలేదు. గోవా నుంచి వచ్చిన గురువుకు మన భాష వెంటనే రాదు కదా. ఊరివాళ్లలోనే ఒకరు ఆయన మాటను మన మాటలోకి మార్చి చెప్పాలి. ఆ మనిషి ఎవరు?

ఉపదేశి

తెలుగు క్రైస్తవ పల్లెల్లో ఈ పని చేసే మనిషిని 'ఉపదేశి' అంటారు. మా నాయనమ్మ చెప్పింది. ఆమె పుట్టింది గుంటూరు జిల్లాలో, ఫిరంగిపురం దగ్గర పల్లె. మేము క్రైస్తవులం కాదు, అయినా ఆమె అక్షరాలు దిద్దింది చర్చి పక్కన పాకలోనే. ఫాదర్ గారు చాలా ఊళ్లకు ఒక్కరే కాబట్టి ఎప్పుడో నెలకొకసారి వచ్చేవారంట. మిగతా రోజులన్నీ ఉపదేశిగారే. పొద్దున ప్రార్థన చెప్పించడం, ఆ తర్వాత అదే చాప మీద అ ఆలు దిద్దించడం, జబ్బు చేసినవాళ్లను చూసి రావడం, ఎవరైనా పోతే ముందు నిలబడటం, ఉత్తరం వస్తే చదివి పెట్టడం. "జీతం ఏమిచ్చేవాళ్లో తెలియదు గానీ, పంట రోజుల్లో కళ్లం దగ్గర ఆయనకు ఒక చేట గింజలు పోసేవాళ్లం" అంది నాయనమ్మ. ఆయన పేరు అడిగితే చాలాసేపు ఆలోచించింది. "ఉపదేశిగారు అనేవాళ్లమే, పేరు ఎవరు పిలిచారు!" అంది.

ఆ గుంటూరుకే 1904లో నెదర్లాండ్స్ నుంచి జె.ఎం.జె. సంఘం సిస్టర్లు వచ్చి ఆడపిల్లల చదువుకు పాటుపడ్డారు. వాళ్లు సముద్రాలు దాటి వచ్చిన సంవత్సరం మనకు తెలుసు. ఆ సిస్టర్లకు తెలుగు నేర్పినవాళ్లు ఎవరు, బళ్లలో వంట చేసినవాళ్లు ఎవరు అంటే జవాబు అంత సులభంగా దొరకదు.

గురువులు లేని కాలం

ఇంకా వెనక్కి పోతే ఈ ప్రశ్న పెద్దదవుతుంది. 1759లో పోర్చుగల్ రాజ్యం తన భూముల నుంచి జెస్యూట్లను వెళ్లగొట్టింది. 1773లో పోప్ 14వ క్లెమెంట్ ఆ సంఘాన్నే రద్దు చేశారు. మళ్లీ 1814 దాకా దాన్ని పునరుద్ధరించలేదు. ఆ కాలంలో మన దేశంలో చాలా చోట్ల గురువుల కొరత వచ్చింది. అయినా పాత క్రైస్తవ కుటుంబాలు ప్రార్థనలను మరిచిపోలేదు. అమ్మమ్మలు, తాతలు, ఉపదేశులు నోటి నుంచి నోటికి అందించబట్టే అవి నిలిచాయని నేను అనుకుంటున్నాను.

తెలుగుదేశంలో పనిచేసిన జెస్యూట్లలో గాస్తోం కెర్దూ (1691–1779) అనే ఫ్రెంచి గురువు ఉన్నారు. ఆయన తెలుగు, సంస్కృతం నేర్చుకున్నారు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకు భాషలకూ చుట్టరికం ఉందని 1767లోనే ఫ్రాన్సు పండితులకు రాశారు. భాషాశాస్త్రంలో ఆయన పేరు నిలిచింది. ఆయనకు మన భాష నేర్పినవాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు?

దీనికి ఎదురుగా ఇంకొకరిని చెప్పాలి. ఆయన క్యాథలిక్ గురువు కాదు, కంపెనీ ఉద్యోగి సి.పి. బ్రౌన్. కడపలో సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తెలుగు గ్రంథాలను పరిష్కరింపజేశారు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య అనే పండితుల పేర్లు ఇవాళ మనకు తెలుసు. ఎందుకు తెలుసు? పని చేయించుకున్నవాళ్లు పేర్లు రాసిపెట్టారు కాబట్టి. ఒక్క వాక్యం రాసే ఓపిక ఉంటే రెండు వందల ఏళ్ల తర్వాత కూడా మనిషి బతికే ఉంటాడు.

మేత్రాసనం, కాలువ, క్యాంపు

క్యాథలిక్‌లలో ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతాన్ని మేత్రాసనం అంటారు. వాళ్ల బడులు చాలావరకు దాని కిందో, సిస్టర్ల, ఫాదర్ల సంఘాల కిందో నడుస్తాయి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో అయితే క్యాథలిక్ బడులకు ప్రభుత్వమే పూర్తిగా డబ్బు ఇస్తుంది. వాటి బోర్డు సభ్యులను ప్రజలు ఓటు వేసి ఎన్నుకుంటారు. మన దగ్గర ఆ పద్ధతి లేదు. ఇప్పుడు మన రాయచూరు ప్రాంతం బళ్లారి మేత్రాసనంలో ఉంది. అది 1949లో ఏర్పడింది. అప్పటికి బళ్లారి మద్రాసు రాష్ట్రంలో, రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నాయి. బళ్లారి 1953లో, రాయచూరు 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిశాయి.

ఆ రోజుల్లోనే తుంగభద్ర డ్యాము కట్టడం పూర్తయింది. ఎడమ కాలువ నీళ్లు మా వైపు వచ్చాయి. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైతులు, కూలీలు వచ్చి నల్లరేగడిలో వరి మొదలుపెట్టారు. వాళ్లు దిగిన చోట్లను ఇప్పటికీ 'క్యాంపు' అనే అంటాం. మా తాత, నాయనమ్మ అలా వచ్చినవాళ్లే. క్యాంపుల్లో హిందువులు, క్రైస్తవులు, ముస్లింలు అందరూ ఉన్నారు. అందరికీ ఒకటే బెంగ, పిల్లలకు తెలుగు చదువు ఎట్లా అని. 1956లోనే రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని అది చెబుతుంది. 30వ అధికరణం ప్రకారం మతపరంగా గానీ భాషాపరంగా గానీ అల్పసంఖ్యాకులు తమ బడులు తాము పెట్టుకోవచ్చు. ముద్గల్ క్యాథలిక్‌లకూ కవితాళ తెలుగువాళ్లకూ ఒకే అధికరణం నీడనిస్తోంది.

సన్మానం అంటే ఏమిటి?

పనిచేసినవాళ్లను గౌరవించే పద్ధతులు చాలా ఉన్నాయి. మన ప్రభుత్వం 1958లో ఉపాధ్యాయులకు జాతీయ పురస్కారాలు మొదలుపెట్టింది. 1962లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు రాష్ట్రపతి అయినప్పటి నుంచి ఆయన పుట్టినరోజున గురుపూజోత్సవం జరుపుకుంటున్నాం. పోప్ 13వ లియో 1888లో సంఘానికి సేవ చేసినవాళ్ల కోసం ఒక పతకాన్ని ఏర్పాటు చేశారు. అమెరికాలో క్యాథలిక్ బడులు 1974 నుంచి ఏటా జనవరి చివర్లో ఒక వారం పండుగ చేసుకుంటాయి.

ఇవన్నీ మంచివే. కానీ శాలువా, పతకం ఒక్క సాయంత్రానివి. సారు మాకు ఒక చట్టం గురించి చెప్పారు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట కనీసం ఐదేళ్లు చేసినవాళ్లకు, పని మానుకునేటప్పుడు ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఇవ్వాల్సి ఉండేది. బడుల్లో టీచర్లకు కూడా అది వర్తించేలా 2009లో సవరణ వచ్చింది. నెలను 26 రోజులుగా లెక్క కడతారు. అంటే రిజిస్టరులో ఒక ఏడాది లేకపోతే, 15 రోజుల జీతం లేనట్టే. ఆ రోజు మేము మైకు ముందు నవ్వింది ఆయమ్మ డబ్బు చూసి అన్నమాట. అది తెలిశాక నాకు సిగ్గేసింది.

సాక్షుల గడి

దారి మళ్లీ చర్చి చరిత్రలోనే దొరికింది. ట్రెంట్ అనే చోట జరిగిన క్యాథలిక్ మహాసభ 1563లో ప్రతి విచారణలోనూ పెళ్లిళ్ల, జ్ఞానస్నానాల రిజిస్టర్లు పెట్టాలని నియమం చేసింది. జ్ఞానస్నానం రాసేటప్పుడు బిడ్డ పేరుతో పాటు జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు, పెళ్లి రాసేటప్పుడు సాక్షుల పేర్లు కూడా రాస్తారు. పెద్ద చరిత్ర పుస్తకాల్లో కనబడని ఉపదేశి ఇలాంటి పక్క గడుల్లో కనబడొచ్చు అని సారు అన్నారు. ఒక మనిషి తన పేరు మీద దొరక్కపోతే ఇంకొకరి పేరు పక్కన వెతకాలి.

మేము నలుగురం అలాగే చేశాం. హెడ్‌మాస్టరు గారి అనుమతితో పాత అడ్మిషన్ రిజిస్టర్లు తీశాం. దుమ్ముకు తుమ్ములు, రెండు రోజులు ఇంటర్వెల్ లేదు. మూడో రోజు ఆయమ్మ చిన్నకొడుకు పేరు దొరికింది. ఒకటో తరగతి, జూన్ నెల. తల్లి వృత్తి అనే గడిలో అప్పటి గుమాస్తా గారు గుండ్రటి అక్షరాలతో 'మన బడి ఆయా' అని రాసి ఉన్నారు. అప్పటి నుంచి లెక్కేస్తే ఇరవై తొమ్మిదేళ్లు. రిజిస్టరులో ఉన్నవి పదహారే. మిగిలిన పదమూడేళ్లకు లెక్క కడితే ఏడున్నర నెలల జీతం.

హెడ్‌మాస్టరు గారు ఆ పేజీ నకలు కమిటీ ముందు పెట్టారు. రిటైరైన ఇద్దరు టీచర్లు వచ్చి 'ఈమె అప్పటి నుంచే ఇక్కడ పనిచేసింది' అని సాక్షి సంతకాలు చేశారు. కమిటీవారు ఒప్పుకుని ఆ సంవత్సరాలను కలిపారు. ఆయమ్మకు చెబితే "ఇన్నేళ్లా! మరి నా మోకాళ్లు నొయ్యవా!" అంది. ఈసారి అందరం ఆమెతో కలిసి నవ్వాం.

ఇప్పుడు మా బడిలో ఒక లావుపాటి నోటుబుక్కు ఉంది. వంట చేసేవాళ్లు, ఊడ్చేవాళ్లు, రాత్రి కాపలా తాత, ఒక్క ఏడాదే చెప్పి వెళ్లిన టీచర్లు, అందరి పేర్లూ చేరిన రోజుతో సహా రాస్తున్నాం. మొదటి పేజీలో ఒక వరస ఖాళీగా వదిలాం. మా నాయనమ్మ తన ఊరికి ఫోన్ చేయించి, వాళ్ల ఉపదేశిగారి పేరు కనుక్కుంటోంది. ఆయన మా బడిలో పనిచేయలేదు. కానీ ఆయన దిద్దించిన అక్షరాలతోనే మా నాయనమ్మ నాకు అ ఆలు నేర్పింది. పేరు తెలియగానే రాస్తాం.

చదివే తోటి విద్యార్థులకూ తల్లిదండ్రులకూ ఒక మనవి. మీ ఇంట్లో పాత గ్రూపు ఫోటో గానీ, టీసీ గానీ, జీతం చీటీ గానీ ఉంటే పారేయకండి. ఒకసారి మాకు చూపించండి. ఎవరి సంవత్సరాలు అందులో దాగి ఉన్నాయో!

— పదో తరగతి విద్యార్థిని, కవితాళ