సింహచేపల నియంత్రణ

సింహచేపల నియంత్రణ అనగా అట్లాంటిక్ మహాసముద్రపు పశ్చిమ భాగంలోను, కరిబియన్ సముద్రంలోను, మెక్సికో సింధుశాఖలోను ఆక్రమణ జాతిగా వ్యాపించిన సింహచేపల (లయన్‌ఫిష్) సంఖ్యను తగ్గించుటకు చేపట్టిన చర్యల సముదాయం. వీటిలో ఎక్కువగా ప్రాచుర్యం పొందినది ఈ చేపలను పట్టి ఆహారంగా వినియోగించడం. మానవుడు అధికంగా వేటాడుట వలన అనేక చేప జాతులు క్షీణించిన మాట అందరికీ తెలిసినదే. అదే అలవాటును ఒక హానికర జాతిపై ఉద్దేశపూర్వకంగా ప్రయోగించడమే ఈ పద్ధతిలోని మూలసూత్రం.

చేప వివరణ

సింహచేపలు తేలుచేపల కుటుంబానికి చెందిన టెరోయిస్ ప్రజాతిలోనివి. అట్లాంటిక్‌లో వ్యాపించినవి టెరోయిస్ వోలిటాన్స్, టెరోయిస్ మైల్స్ అనే రెండు జాతులు. ఎరుపు, గోధుమ, తెలుపు రంగుల చారలు, విసనకర్ర వలె విచ్చుకొనే పొడవైన రెక్కలు వీటి ప్రత్యేకత. ఈ అందం కారణంగానే ఇవి అలంకార చేపలుగా ప్రపంచమంతటా అమ్ముడయ్యాయి.

ఈ చేపకు 18 విషపు ముళ్ళు ఉంటాయి. వీపుపై 13, పొట్ట వద్ద 2, తోకకు ముందు క్రింది భాగంలో 3 ఉంటాయి. ముల్లు గుచ్చుకొన్నపుడు దాని గాడులలోని విషం గాయంలోకి చేరి తీవ్రమైన నొప్పి, వాపు కలుగుతాయి. ఆరోగ్యవంతులలో ఇది ప్రాణాంతకం కావడం చాలా అరుదు. విషం ప్రోటీన్లతో కూడినది కనుక వేడికి చెడిపోతుంది. అందుచేత గాయమైన భాగాన్ని భరించగలిగినంత వేడి నీటిలో ఉంచడం ప్రథమ చికిత్స.

స్వస్థలం

ఈ చేపల స్వస్థలం హిందూ, పసిఫిక్ మహాసముద్రాలు. బంగాళాఖాతంలో కూడా టెరోయిస్ ప్రజాతి చేపలున్నాయి. తెలుగువారికి ఈ ప్రజాతితో ఒక చారిత్రక సంబంధం ఉన్నది. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం వద్ద సేకరించిన 200 చేపలను వర్ణిస్తూ 1803లో ఒక గ్రంథాన్ని ప్రచురించాడు. ఆ చేపలలో పలువాటికి స్థానికుల నోట విన్న పేర్లనే వ్రాసుకొన్నాడు. వాటిలో ఒకటి "కోడిపుంగి". ఈ పేరు టెరోయిస్ కోడిపుంగి అనే శాస్త్రీయ నామంగా కూడా కొంతకాలం వాడుకలో ఉన్నది. నేడు ఆ జాతిని రస్సెల్ పేరిటనే టెరోయిస్ రస్సెలీ అంటారు. రక్తపింజరి పాముకు ఆంగ్లంలో ఉన్న పేరు కూడా ఈయన నుండి వచ్చినదే. అట్లాంటిక్‌ను ఆక్రమించిన జాతులలో మాత్రం టెరోయిస్ రస్సెలీ లేదు.

స్వస్థలంలో సింహచేపలు అంత పెద్ద సంఖ్యలో కనిపించవు. అక్కడి చిన్న చేపలు, వేటాడే చేపలు, పరాన్నజీవులు వీటితో పాటే పరిణామం చెందినవి.

అట్లాంటిక్‌లో వ్యాప్తి

అమెరికాలోని ఫ్లోరిడా తీరాన డానియా బీచ్ వద్ద 1985లో మొదటి సింహచేప కనిపించింది. ఇళ్ళలోని గాజు తొట్లలో పెంచినవారు వదిలివేసిన చేపల వలన ఈ వ్యాప్తి మొదలైనదని శాస్త్రవేత్తల అభిప్రాయం. 1992లో వచ్చిన ఆండ్రూ తుఫానులో ఒక తొట్టి పగిలి ఆరు చేపలు సముద్రంలో కలిశాయని, అదే మూలమని చాలాకాలం ప్రచారంలో ఉన్నది. అయితే అంతకు ఏడేళ్ళ ముందే అక్కడ చేప కనిపించినందున ఇది మూలకారణం కాజాలదు.

2000 తరువాత వ్యాప్తి వేగవంతమైనది. 2000లో ఉత్తర కరోలినా, బెర్ముడా ప్రాంతాలలోను, 2004లో బహామాస్‌లోను, 2007లో క్యూబాలోను, 2010లో మెక్సికో సింధుశాఖ ఉత్తర భాగంలోను వీటిని గుర్తించారు. 2014లో బ్రెజిల్ తీరంలో మొదటి చేప నమోదయినది. మరొక వైపు టెరోయిస్ మైల్స్ సూయజ్ కాలువ మీదుగా మధ్యధరా సముద్రంలోకి చేరి, 2012 తరువాత లెబనాన్, సైప్రస్ తదితర తీరాలలో స్థిరపడినది.

ఇంత వేగానికి ముఖ్య కారణం సంతానోత్పత్తి. ఆడ చేప సంవత్సరం పొడవునా గుడ్లు పెట్టగలదు. ఏడాదికి ఒక్కొక్క చేప పెట్టే గుడ్లు సుమారు 20 లక్షలని అంచనా. జిగురు ముద్దలుగా ఉండే ఈ గుడ్లు, వాటి నుండి వచ్చే పిల్లలు సముద్ర ప్రవాహాలతో దూర ప్రాంతాలకు కొట్టుకుపోతాయి.

పర్యావరణంపై ప్రభావం

సింహచేప తన పెద్ద రెక్కలను విప్పి చిన్న చేపలను మూలకు తరిమి ఒక్క గుటకలో మింగుతుంది. అట్లాంటిక్ చేపలకు ఇది క్రొత్త జీవి కావడంతో అవి దీనిని శత్రువుగా గుర్తించలేకపోతున్నాయి. బహామాస్‌లో ప్రయోగం చేసి 2008లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, సింహచేప ఉన్న చిన్న పగడపు దిబ్బలపై ఐదు వారాలలో క్రొత్తగా చేరే చేప పిల్లల సంఖ్య 79 శాతం తగ్గినట్లు తేలినది. బహామాస్‌లోనే 2008, 2010 సంవత్సరాల మధ్య జరిగిన మరొక పరిశీలనలో, ఇవి తినే చేపల మొత్తం బరువు సగటున 65 శాతం పడిపోయినది.

దీని నష్టం చేపలతో ఆగదు. పగడాలపై పెరిగే నాచును మేసే చిలుకచేపల పిల్లలు కూడా సింహచేపకు ఆహారమే. నాచు మేసేవి తగ్గితే పగడాలు దాని క్రింద కప్పబడి క్షీణిస్తాయి. పగడపు దిబ్బలపై ఆధారపడిన చేపల వేట, పర్యాటకం కరిబియన్ దీవుల ప్రజలకు ప్రధాన జీవనాధారాలు.

ఆహారంగా వినియోగం

విషం ముళ్ళలోనే గాని మాంసంలో ఉండదు. చేతి తొడుగులు వేసుకొని, కత్తెరతో ముళ్ళను తొలగిస్తే మిగిలిన చేపను మామూలు చేప వలెనే శుభ్రం చేయవచ్చును. మాంసం తెల్లగా, మెత్తగా, నీచు వాసన తక్కువగా ఉంటుంది. వేపుడుగాను, నిప్పులపై కాల్చి, నిమ్మరసంలో ఊరవేసి కూడా తింటారు.

అమెరికా జాతీయ సముద్ర, వాతావరణ సంస్థ 2010లో ఈ చేపను తినమని ప్రోత్సహిస్తూ ప్రచారం ప్రారంభించినది. అదే సంవత్సరం రీఫ్ అనే స్వచ్ఛంద సంస్థ సింహచేప వంటల పుస్తకాన్ని వెలువరించినది. ఒక్క రోజులో ఎవరు ఎక్కువ చేపలు పడితే వారికి బహుమతి ఇచ్చే వేట పోటీలను కూడా ఈ సంస్థ నిర్వహిస్తున్నది. ఫ్లోరిడాలో ఈ చేపల వేటకు సంఖ్యా పరిమితి గాని, పరిమాణ పరిమితి గాని లేదు. 2014లో సజీవ సింహచేపల దిగుమతిని ఆ రాష్ట్రం నిషేధించినది. 2016లో హోల్ ఫుడ్స్ దుకాణాలు ఫ్లోరిడాలో ఈ చేపను అమ్మకానికి పెట్టాయి. బెలిజ్ దేశంలో రెక్కలు, ముళ్ళతో ఆభరణాలు చేయడం మత్స్యకార కుటుంబాల మహిళలకు అదనపు ఆదాయ మార్గమైనది.

ఫలితాలు

పదేపదే వేటాడిన చోట్ల మేలు జరిగినట్లు ఆధారాలున్నాయి. 2014లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం, బహామాస్‌లో సింహచేపల సంఖ్యను ఒక హద్దుకు దిగువన ఉంచిన దిబ్బలపై స్థానిక చేపల బరువు 50 నుండి 70 శాతం పెరిగినది. ఆ హద్దును చేరుటకు 75 నుండి 95 శాతం సింహచేపలను తొలగించవలసి వచ్చినది. తొలగించని దిబ్బలపై స్థానిక చేపలు మరింత తగ్గాయి. అనగా చివరి చేపను సైతం పట్టనవసరం లేదు, కాని పట్టడం ఆపకూడదు.

పరిమితులు, విమర్శలు

 లోతు: సింహచేపలు 300 మీటర్ల లోతున కూడా కనిపించాయి. సాధారణ ఈతగాళ్ళు అంత లోతుకు పోలేరు. లోతు నుండి వచ్చే చేపలతో పై దిబ్బలు తిరిగి నిండుతాయి. ఇందుకోసం ప్రత్యేకమైన బోనులను రూపొందించారు.

 పరిమాణం: సంఖ్య తగ్గుముఖం పట్టాలంటే పెద్ద చేపలలో సుమారు 27 శాతాన్ని ప్రతి నెలా తొలగించాలని 2011 నాటి గణిత నమూనా ఒకటి తెలిపినది.

 ఖర్చు: ఈ చేప గాలానికి అరుదుగా పడుతుంది. చిన్న ఈటెతో ఒక్కొక్కదానినే పొడిచి పట్టవలసి ఉన్నందున ధర ఎక్కువ.

 ఆహార భద్రత: కొన్ని ఉష్ణమండల దిబ్బలలోని వేట చేపల మాంసంలో సిగ్వాటెరా అనే విషపదార్థం చేరుతుంది. ఇది వండినా పోదు. ఆ సమస్య ఉన్న ప్రాంతాల సింహచేపలను తినే విషయంలో జాగ్రత్త అవసరం.

 గిరాకీ: ఒక జాతికి ధర ఏర్పడితే దానిని నిర్మూలించడం కంటే నిలుపుకోవడమే కొందరికి లాభదాయకమౌతుంది. దీనికి మన ప్రాంతంలోనే పోలిక ఉన్నది. భారతదేశంలో నిషేధించబడిన ఆఫ్రికా జాతి క్లారియస్ గారిపినస్‌ను (ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్) త్వరగా పెరుగుతుందని, అమ్ముడవుతుందని ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కొందరు రహస్యంగా చెరువులలో పెంచుతున్నారు. అధికారులు అటువంటి చెరువులను గుర్తించి చేపలను ధ్వంసం చేసిన సందర్భాలు అనేకం.

మానవ ప్రమేయం లేకుండా కూడా సంఖ్య తగ్గిన సందర్భం ఒకటున్నది. 2017లో మెక్సికో సింధుశాఖ ఉత్తర భాగంలోని సింహచేపలలో చర్మపు పుండ్ల వ్యాధి కనిపించి, తరువాత అక్కడ వాటి సంఖ్య గణనీయంగా పడిపోయినది. సంఖ్య పడిపోయినపుడు వాణిజ్యపరంగా వేటాడేవారికి గిట్టుబాటు కాక వేట తగ్గుతుంది. మిగిలిన చేపలు తిరిగి పెరుగుటకు అదే అవకాశం. కనుక ఆహార వినియోగం సింహచేపలను నిర్మూలించే మార్గం కాదనీ, ముఖ్యమైన దిబ్బలను కాపాడుకొనుటకు నిరంతరం కొనసాగించవలసిన సాధనమనీ భావిస్తున్నారు.

ఇవి కూడా చూడండి

 పగడపు దిబ్బలు
 ఆక్రమణ జాతులు
 పాట్రిక్ రస్సెల్
 కరిబియన్ సముద్రం