భూమ్యుదయము: ఆ చిత్రము ఎవరిది?

1968వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీ. మన కాలమానము ప్రకారము రాత్రి పది గంటలు దాటినది. అపోలో 8 అను అమెరికా వ్యోమనౌక చంద్రుని చుట్టు నాలుగవ ప్రదక్షిణము చేయుచు, ఆవలి వైపునుండి ఈవలి వైపునకు వచ్చుచున్నది. అందు ముగ్గురున్నారు: నాయకుడు ఫ్రాంక్ బోర్మన్, జేమ్స్ లోవెల్, విలియం ఆండర్స్. ఆ కొద్ది నిమిషములలో తీయబడిన ఒక రంగుల ఛాయాచిత్రము ‘భూమ్యుదయము’ అను పేర లోకమంతట ప్రసిద్ధికెక్కినది. బూడిదవన్నె చంద్రతలము, దానిపై నల్లని ఆకాశము, ఆ నలుపులో సగము వెలుగు సగము చీకటిగా నీలి భూగోళము. ఆ చిత్రమును చూడనివారు అరుదు. దానిని తీసినదెవరను ప్రశ్నకు మాత్రము చాలకాలము సరియైన సమాధానము దొరకలేదు.

ఆ ముగ్గురు వెళ్ళినది భూమిని చూచుటకు కాదు. మునుముందు మనుష్యులు దిగవలసిన తావులను, భూమినుండి ఎన్నడును కనబడని ఆవలి ముఖమును ఛాయాచిత్రములుగా తీసికొని వచ్చుట వారికప్పగించిన పని. ఏ కక్ష్యలో ఏ గుంటను, ఏ కటకముతో, ఏ ఫిలిముపై తీయవలెనో ముందే వ్రాసిపెట్టియున్నారు. ఆ జాబితాలో భూమికి దక్కిన స్థానము కడపటి వరుసలలోనిది. ఈ పని ముఖ్యముగా ఆండర్స్ పాలికి వచ్చినది. మొదటి మూడు ప్రదక్షిణములలో నౌక కిటికీలు భూమి పైకి వచ్చు దిక్కునకు తిరిగి లేకపోవుటచే వారికా దృశ్యము కంటబడలేదు. నాలుగవ ప్రదక్షిణమున బోర్మన్ నౌకను మెల్లగా ప్రక్కకు దొర్లించుచుండగా అది కిటికీలోనికి వచ్చినది.

ఇచట ‘ఉదయము’ అను మాటను గూర్చి ఒక సంగతి చెప్పవలెను. చంద్రుడు ఎల్లప్పుడు ఒకే ముఖమును మనవైపు త్రిప్పియుండును గనుక, చంద్రతలమున నిలిచినవానికి భూమి ఉదయించదు, అస్తమించదు. ఆకాశమున దాదాపు ఒకేచోట నిలిచియుండును. ఉదయము కలుగునది చంద్రుని చుట్టు తిరుగు నౌకలోనివారికే. చంద్రుడు అడ్డుగా నున్నంతసేపు భూమితో రేడియో సంబంధము కూడ ఉండదు. భూమి కనబడుటయు, రేడియో మరల పలుకుటయు ఇంచుమించు ఒకే క్షణమున జరుగును.

ఆ సమయమున ఆండర్స్ నలుపు-తెలుపు ఫిలిముతో చంద్రతలమును తీయుచున్నాడు. భూమి కంటబడగానే ఆశ్చర్యముతో కేకవేసి, చేతనున్న కెమేరాతోనే ఒక చిత్రము తీసినాడు. అది కార్యక్రమములో లేదు సుమా, తీయకుమని బోర్మన్ పరిహాసమాడినాడు. ఆండర్స్ నవ్వి, రంగుల ఫిలిము త్వరగా అందించుమని లోవెల్‌ను తొందరపెట్టినాడు. నౌక తిరుగుచునే యున్నందున భూమి ఒక కిటికీ వదలి మరొక కిటికీలోనికి జారిపోవుచున్నది. అదను తప్పిపోయినదని ఆండర్స్ నిరాశపడినంతలో లోవెల్‌కు మరల కనబడినది. 250 మిల్లీమీటర్ల కటకము తగిలించిన హాసెల్‌బ్లాడ్ కెమేరాతో ఆండర్స్ రంగుల చిత్రము తీసినాడు. ఆండర్స్ చూపులో చంద్రతలము కుడివైపున గోడవలె నిలువుగా నున్నది. పత్రికలవారు దానిని త్రిప్పి, చంద్రతలము క్రింద పరచుకొనినట్లు, భూమి పైకి లేచుచున్నట్లు అచ్చువేసినారు. మనమెరిగిన ‘ఉదయము’ కొంతవరకు ముద్రాపకుల సృష్టి యనుటలో తప్పులేదు.

తిరిగివచ్చిన పిమ్మట బోర్మన్ ఆ చిత్రమును తీసినది తానేనని చెప్పుచువచ్చినాడు. ఆండర్స్ చేతినుండి కెమేరా లాగుకొని తీసితినని 1988లో వెలువడిన తన ఆత్మకథలోను వ్రాసినాడు. ఆయన అబద్ధమాడెనని నేననుకొనను. నిద్ర చాలని మనుష్యుల జ్ఞాపకములో ఒకరి చేయి మరొకరి చేయిగా మారుట వింత కాదు. ఫిలిమును ఎంత పరీక్షించినను కెమేరా పట్టినవాని పేరు అందు దొరకదు గదా.

తీర్పు చెప్పినది ధ్వని. నౌకలో ముగ్గురాడుకొనిన మాటలను అచటి టేపు యంత్రము ముద్రించినది. మొదట సిద్ధమైన లిఖితప్రతిలో ఒకరి మాట మరొకరి పేర పడి, ఆండర్స్ కేక బోర్మన్‌దిగాను, బోర్మన్ పరిహాసము ఆండర్స్‌దిగాను నమోదైనవి. కాగితము చదివినవారికి కథ తలక్రిందులైనది. చరిత్రకారుడు ఆండ్రూ చైకిన్ టేపునే విని, గొంతులు గుర్తించి, ఆ తారుమారును బయటపెట్టినాడు. 2013లో నాసావారి గొడార్డ్ కేంద్రమున ఎర్నీ రైట్ మరొక దారిని అదే నిర్ణయమునకు వచ్చినాడు. 2009లో పంపిన చంద్రపరిశోధక నౌక కొలిచిన ఎత్తుపల్లములను, అపోలో 8లో దానంతటదే చిత్రములు తీయుచుండిన మరొక కెమేరా ఫలితములను జతచేసి, ఏ క్షణమున ఏ కిటికీ ఎటు చూచుచున్నదో లెక్కకట్టినాడు. మాటలు, కిటికీలు, చిత్రములు ఒకదానితో నొకటి సరిపోయినవి. 2018లో అంతర్జాతీయ ఖగోళ సంఘమువారు ఆ చిత్రమున కనబడు ఒక గుంటకు ఆండర్స్ భూమ్యుదయమని నామకరణము చేసినారు. ఆండర్స్ 2024లో, తొంబదియవ యేట, విమాన ప్రమాదమున మరణించినాడు.

చిత్రము తీసినవాడు చిత్రములో లేకపోవుట వలన కలిగిన చిక్కు మరుసటి సంవత్సరము మరియొక రూపమున వచ్చినది. 1969 జూలైలో అపోలో 11 నుండి చంద్రునిపై దిగిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, ఎడ్విన్ ఆల్డ్రిన్ వెలుపల గడపినది రెండున్నర గంటలు. వాడిన ఛాయాచిత్ర కెమేరా ఒక్కటి. అది చాలవరకు ఆర్మ్‌స్ట్రాంగ్ వద్దనే యున్నది. కావున చంద్రునిపై నిలిచిన మానవుడని మనము గోడకు తగిలించుకొను చిత్రములోని మనిషి ఆల్డ్రిన్. మొదట కాలుమోపినవాడు ఆ శిరస్త్రాణపు అద్దములో చిన్న ప్రతిబింబముగా మాత్రమే కనబడును. ఆల్డ్రిన్ తీసిన వాటిలో ఆర్మ్‌స్ట్రాంగ్ నౌకప్రక్కన పనిచేయుచు, వీపు మనవైపు పెట్టి యున్నాడు. అదే యాత్రలో మైకేల్ కాలిన్స్ పైకి వచ్చుచున్న చంద్రశకటమును, వెనుకనున్న భూమిని ఒకే చట్రములో బంధించినాడు. నాటి మానవజాతిలో ఆ చట్రమునకు బయటనున్నవాడు కాలిన్స్ ఒక్కడే.

నవంబరులో వెళ్ళిన అపోలో 12 వారు ఈ లోటు తీర్చదలచినారు. ఇద్దరును ఒకే చిత్రములో పడుటకు, దానంతటదే మీట నొక్కు చిన్న పరికరమును పైవారికి చెప్పకుండ వెంట తీసికొనిపోయినారు. తీరా సమయమునకు అది రాళ్ళ సంచిలో ఎక్కడనో పడి దొరకలేదు! ఆ యాత్రలోనే టెలివిజన్ కెమేరా సూర్యునివైపు తిరిగి చెడిపోగా, లోకమునకు మిగిలినది వారి మాటలు మాత్రమే.

ధ్వని కూడ తీర్చలేని తగవు ఒకటున్నది. 1972 డిసెంబరు 7న, చంద్రునికి బయలుదేరిన ఐదు గంటలకు, అపోలో 17 నుండి నిండు భూగోళమును తీసినారు. ‘నీలి గోళీ’ యని దానికి పేరు. యూజీన్ సెర్నన్, రోనాల్డ్ ఎవాన్స్, హారిసన్ ష్మిట్ ముగ్గురును కెమేరా పట్టినవారే. ఎవరి చేతిలో ఆ క్షణమున అది యున్నదో తేలక నాసావారు ముగ్గురి పేరను ప్రకటించినారు. అందును దక్షిణ ధ్రువము పైన నుండగా, దానిని త్రిప్పి మనకు చూపినారు. ఆఫ్రికా, అరేబియా స్పష్టముగా నున్నవి. మనకప్పుడు సాయంకాలము నాలుగు గంటలు. కుడివైపు పై అంచున సుడి తిరిగిన తెల్లని మబ్బొకటి కనబడును. రెండు దినములకు ముందు తమిళనాడు తీరమును దాటి, ఊళ్ళను వరదపాలు చేసిన తుపాను అది.