చేతికి మైల, సర్టిఫికెట్టుకు మర్యాద

ఈ వరుసలో తోలు గురించి రాశాను, డప్పు గురించి రాశాను, చీపురు గురించి రాశాను. ఈ భాగం చేతి గురించి. ఒళ్ళు పట్టే చెయ్యి, బాలింతకు నూనె రుద్ది వేణ్ణీళ్ళు పోసే చెయ్యి, పసిబిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని నలుగు పెట్టే చెయ్యి. ఇప్పుడు ఇదే పనికి మసాజ్ థెరపీ, స్పా, పంచకర్మ, బేబీ మసాజ్ అని పేర్లొచ్చాయి. కోర్సులొచ్చాయి, సర్టిఫికెట్లొచ్చాయి. పాణ్యం, నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు నుంచి పిల్లలు నన్ను అడుగుతున్నారు: ఈ కోర్సులో చేరొచ్చా, లైసెన్సు ఇస్తారా, ఎంత సంపాదించొచ్చు అని. మంచి ప్రశ్నలే. జవాబుకు ముందు చరిత్ర తెలియాలి. ఎందుకంటే ఈ పని మన ఇళ్ళలో ఎప్పుడూ ఉంది, కాగితం మాత్రం ఎప్పుడూ వేరేవాళ్ళ ఇంట్లో ఉంది.

ముందు పుస్తకాల సంగతి. వాగ్భటుడి అష్టాంగ హృదయం రోజూ అభ్యంగనం చేసుకోమంటుంది. తలకు, చెవులకు, పాదాలకు మరీ శ్రద్ధగా నూనె పట్టించమంటుంది. పట్టించుకునేవాడి ఒళ్ళు అక్కడ ఉంది. పట్టించేవాడి కులం, కూలి అక్కడ లేవు. మనుస్మృతి మాత్రం ఆ విషయం దాచుకోలేదు. నాలుగో అధ్యాయంలో ఎవరి అన్నం తినకూడదో చెప్పే జాబితాలో వైద్యుడు ఉన్నాడు. పదో అధ్యాయంలో చికిత్స పనిని అంబష్ఠులనే సంకర కులానికి అప్పగించింది. రోగి ఒంటిని తాకేవాడు అపవిత్రుడు. అతని వైద్యం కావాలి, అతని కంచంలో మెతుకు వద్దు.

సంస్కృత నాటకాల్లో ఒక్కచోట మాత్రం మర్దన చేసేవాడు మనిషిగా నిలబడతాడు. శూద్రకుడి మృచ్ఛకటికంలో సంవాహకుడనే పాత్ర ఉంది. సంవాహకుడంటేనే ఒళ్ళు పట్టేవాడు. పాటలీపుత్రం వాడు. ఈ పనిని కళగా నేర్చుకుని, ఉజ్జయినికి వచ్చి చారుదత్తుడి దగ్గర కొలువులో చేరతాడు. యజమాని చితికిపోయాక ఇతని బతుకూ చితికిపోతుంది. జూదంలో పడతాడు, అప్పులవాళ్ళు తరుముతారు. కళగా నేర్చుకున్నది కూటి కోసం పనైపోయిందని వసంతసేన దగ్గర చెప్పుకుంటాడు. చివరికి బౌద్ధ భిక్షువవుతాడు, వసంతసేన ప్రాణం కాపాడతాడు. నాటకం ముగిసేసరికి విహారాలన్నిటికీ అధిపతి అవుతాడు. ఎంఏ సిలబస్‌లో ఈ నాటకాన్ని చారుదత్తుడి ప్రేమకథగా చదివిస్తాం. సంవాహకుడి కథగా కూడా చదవండి. ఒక పనివాడి కూడు ఒక్క యజమాని జేబు మీద ఆధారపడితే ఏమవుతుందో అందులో ఉంది. అతను ఎక్కడికి పోయి మర్యాద తెచ్చుకున్నాడో కూడా ఉంది.

ఇప్పుడు ఊళ్ళోకి వద్దాం. మన పల్లెల్లో మగవాళ్ళకు తలంటి ఒళ్ళు పట్టినవాళ్ళు, పుండ్లు కోసి కట్టు కట్టినవాళ్ళు ఎక్కువగా నాయీబ్రాహ్మణులు. (పాత కాగితాల్లో ఉన్న కులం పేరును తిట్టుగా వాడటాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 ఆగస్టులో జీవో ఇచ్చి మరీ నిషేధించాల్సి వచ్చింది. పని చేయించుకుంటూనే పేరును బూతు చేసిన సమాజం ఇది.) ఆడవాళ్ళ పురుళ్ళు, బాలింత మర్దన, బిడ్డ స్నానం మంత్రసానివి. దక్షిణాది క్షురక కులాల ఆడవాళ్ళు మంత్రసాని పని చేసేవాళ్ళని 1909లో అచ్చయిన సంపుటాల్లో థర్‌స్టన్ కూడా రాశాడు. అయితే అన్ని ఊళ్ళలో వాళ్ళే కాదు. కొన్నిచోట్ల చాకలి ఆడవాళ్ళు, కొన్నిచోట్ల మాల మాదిగ ఆడవాళ్ళు చేశారు. పాణ్యం పక్క పల్లెలో మా అవ్వ చేసింది.

అంటరానితనం అంటే అసలు తాకకపోవడం అనుకుంటాం. మంత్రసానిని చూస్తే అది సగమే నిజమని తెలుస్తుంది. నెత్తురు, ఉమ్మనీరు, మాయ ఉన్నంతసేపు ఆమె చెయ్యి కావాలి. బొడ్డు కోయడానికి ఆమె కావాలి, ఎందుకంటే ఆ ఇంటి ఆడవాళ్ళు ఆ మైలను ముట్టరు. పురుడు వెళ్ళేదాకా రోజూ బాలింత నడుం మీద, కడుపు మీద, కాళ్ళ మీద ఆమె చెయ్యే. పురుడు వెళ్ళిన రోజు ఇల్లు కడిగి, ముగ్గేసి, శుద్ధి చేసుకుంటారు. ఆ శుద్ధితో ఆమె మళ్ళీ గడప బయట. బిడ్డను మొదట ఎత్తుకున్న చెయ్యి, ఆ బిడ్డ పెద్దయ్యాక నీళ్ళ చెంబు ముట్టకూడని చెయ్యి అవుతుంది. ఎప్పుడు తాకాలో, ఎప్పుడు తాకకూడదో తేల్చే అధికారం ఎవరి దగ్గరుందో చూడండి. కులమంటే అదే.

వీళ్ళకు శిక్షణ లేదంటారు. అది తప్పు. అత్త దగ్గర కోడలు ఏళ్ళ తరబడి కూచుని నేర్చుకున్న పని ఇది. నీళ్ళ వేడి మోచేత్తో చూడటం, మెడ నిలవని బిడ్డను ఏ చేత్తో పట్టాలి, ఆముదం ఎప్పుడు నువ్వుల నూనె ఎప్పుడు, బాలింత పొట్టను ఎంత ఒత్తితో నిమరాలి, ఇవన్నీ చూసి, చేసి, తిట్లు తిని నేర్చుకున్నవి. అన్నీ మంచివేనని నేననను. పసిబిడ్డ ముక్కులో, చెవుల్లో నూనె పోయడం ప్రమాదమని డాక్టర్లు చెబుతున్నారు. అది మానాల్సిందే. ఏ విద్యలోనైనా తప్పులుంటాయి, దిద్దుకుంటారు. దిద్దుకోవడానికి ముందు దాన్ని విద్య అని ఒప్పుకోవాలి కదా.

ఇక సంపాదన. చేటలో బియ్యం, ఎండుకొబ్బరి, తమలపాకులు, ఒక రవిక గుడ్డ. మగబిడ్డ పుడితే ఒక పాత చీర. ఆడబిడ్డ పుడితే ముఖం చాటేసేవాళ్ళు. పని అదే, నొప్పులు అవే, రాత్రి మేలుకోవడం అదే, కూలి మాత్రం బిడ్డను బట్టి మారింది. కళ్ళంలో ఆయగాళ్ళకు మేర గింజలు కొలిచేవాళ్ళు, ఇనాం భూములు కూడా ఉండేవి. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి ఇలాంటి భూముల హక్కులను లెక్కకెత్తింది. ఊరి సేవకు ఇచ్చిన ఇనాం సాధారణంగా మగవాడి పేరునే నడిచింది. భార్య పోసిన పురుళ్ళు ఆ లెక్కలోనే కలిసిపోయాయి. మా అవ్వకైతే ఆ ఇనామూ లేదు, మేరా లేదు. ఇచ్చినంత. ఇంత అని అడిగే నోరు ఆ పనికి లేదు.

ఇదే పని కులం వాసన తెలియని చోటికి పోతే ఏమైందో ఒక్క ఉదాహరణ. తలకు రుద్దుకునే షాంపూ అన్న మాట ఇంగ్లీషులోకి మన దేశం నుంచే పోయింది. ఒత్తడం అన్న అర్థమిచ్చే హిందీ మాట నుంచి వచ్చింది. 1759లో పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఆవిరి స్నానం, మర్దనతో వైద్యశాల నడిపాడు. రాజు నాలుగో జార్జికి షాంపూయింగ్ సర్జన్‌గా నియామకం పొందాడు. ఇక్కడ చేటెడు బియ్యానికి చేసిన పని అక్కడ రాజుగారి బిరుదు తెచ్చింది.

మన దగ్గర కాగితం మొదలైంది ఇరవయ్యో శతాబ్దంలో. అప్పుడు మన కర్నూలు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1914లో మద్రాసు మెడికల్ రిజిస్ట్రేషన్ చట్టం ఇంగ్లీషు వైద్యం చదివినవాళ్ళకు రిజిస్టరు తెరిచింది. దేశీ వైద్యులకు కోపం వచ్చింది. జస్టిస్ పార్టీ ప్రభుత్వం ఉస్మాన్ కమిటీని వేసింది. 1925లో, మన కాళహస్తికి చెందిన పానగల్ రాజా ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే, మద్రాసులో ఆయుర్వేదం, సిద్ధ, యునానీ చెప్పే ప్రభుత్వ వైద్య పాఠశాల మొదలైంది. బ్రాహ్మణేతర ప్రభుత్వం చేసిన గొప్ప పనే. కానీ గుర్తింపు వచ్చింది గ్రంథానికి. శ్లోకం చదివినవాడు వైద్యుడయ్యాడు. బడి గడప తొక్కనివ్వని కులాల చెయ్యి బయటే ఉండిపోయింది. మరుసటి ఏడాది, 1926లో, మద్రాసు నర్సులు, మిడ్‌వైఫ్‌ల చట్టం వచ్చింది. ఆసుపత్రిలో శిక్షణ పొందినవాళ్ళ పేర్లు రిజిస్టరులోకి ఎక్కాయి. చదువు లేని మంత్రసాని పల్లెలో పురుళ్ళు పోస్తూనే ఉంది, రిజిస్టరులో లేకుండా.

స్వతంత్రం వచ్చిన ముప్పై ఏళ్ళకు ప్రభుత్వానికి ఆమె గుర్తొచ్చింది. 1977 గ్రామీణ ఆరోగ్య పథకం కింద దాయీలకు శిక్షణ పెట్టారు. 30 పనిదినాలు, 300 రూపాయల స్టైపెండు, చివర్లో ఒక కిట్టు, ఒక సర్టిఫికెట్టు. జీతం లేదు, ఉద్యోగం లేదు. తర్వాత 2005లో జననీ సురక్షా యోజన వచ్చింది. కాన్పులన్నీ ఆసుపత్రిలోనే జరగాలన్నారు. ఈ మాట నేను స్పష్టంగా చెప్పదలుచుకున్నాను: ఆసుపత్రి కాన్పు మన ఆడవాళ్ళ ప్రాణాలు కాపాడింది. పాత రోజులే బాగుండేవనే పాట మనం పాడకూడదు. ఆ రోజుల్లో పురిట్లో పోయింది ఎక్కువగా మన తల్లులే. నా అభ్యంతరం ఆసుపత్రి మీద కాదు. నెత్తుటి పని ఆసుపత్రికి మారినప్పుడు, ఆ పని చేసినవాళ్ళకు ఆసుపత్రిలో జీతంతో చోటు ఇచ్చారా? 2023లో నంద్యాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా మొదలైంది. సంతోషం. మంత్రసానికి మాత్రం మిగిలింది ఒక్క ముక్క: బాలింత మర్దన, బిడ్డ స్నానం. అంటే మసాజు.

ఆ మిగిలిన ముక్క ఇప్పుడు బజారులో ఖరీదైంది. అందుకే కోర్సులు పుట్టాయి. చేరబోయే పిల్లలు కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. స్కిల్ సెంటర్లు అసిస్టెంట్ స్పా థెరపిస్ట్, పంచకర్మ టెక్నీషియన్ వంటి పేర్లతో ఇచ్చేది నైపుణ్య సర్టిఫికెట్టు. అది లైసెన్సు కాదు. మన దేశంలో మసాజ్ చేసే మనిషికి విడిగా లైసెన్సు ఇచ్చే జాతీయ మండలి లేదు. స్పా పెట్టుకోవాలంటే స్థానిక సంస్థ ట్రేడ్ లైసెన్సు కావాలి, అది యజమాని పేరున ఉంటుంది. ఫిజియోథెరపీ వేరే దారి. దానికి నాలుగేళ్ళకు పైగా డిగ్రీ చదవాలి, 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వస్తుంది. కాబట్టి స్పాలో గంటకు వెయ్యి రూపాయలు దాటి బిల్లు వేసినా, అందులో మీకెంత అనేది యజమాని ఇష్టం. పోలీసు దాడి జరిగితే టీవీలో కనిపించేది యజమాని ముఖం కాదు, పనిచేసే ఆడపిల్ల ముఖం. చేరేముందు నియామక పత్రం, జీతం, పీఎఫ్, పని వేళలు రాతలో అడగండి.

వృత్తుల పేరుతో పథకాలు రాలేదా అంటే వచ్చాయి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి. క్షురక వృత్తి ఉంది, చాకలి వృత్తి ఉంది. మంత్రసాని లేదు. రాష్ట్రంలో 2020లో వచ్చిన చేదోడు పథకం నాయీబ్రాహ్మణులకు ఏడాదికి 10,000 రూపాయలు ఇచ్చింది, కానీ దుకాణం ఉన్నవాళ్ళకు. ఇంటింటికీ పోయి బిడ్డకు నీళ్ళు పోసే ఆడమనిషికి దుకాణం ఎక్కడుంటుంది? ఆమె రెండు చేతులే ఆమె దుకాణం.

బయట ఎలా ఉందో చూడండి. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా డబ్బు తీసుకుని మసాజ్ చేయకూడదు. టెక్సస్‌లో 500 గంటల శిక్షణ, న్యూయార్క్‌లో 1,000 గంటలు. జపాన్ కథ మనకు ఇంకా దగ్గర. అక్కడ మర్దన తరతరాలుగా అంధుల బతుకుతెరువు. వాళ్ళ పాత సంఘాన్ని 1871లో ప్రభుత్వం రద్దు చేసింది. 1947లో లైసెన్సు చట్టం తెచ్చింది. చూపున్నవాళ్ళు గుంపుగా వచ్చి ఈ పనిని లాక్కుంటారని, 1964లో చట్టం సవరించి వాళ్ళ కోసం కొత్త బడులు పెట్టడం మీద అదుపు పెట్టింది. ఆ అదుపు చెల్లుతుందని 2022లో అక్కడి సుప్రీంకోర్టు కూడా చెప్పింది. లైసెన్సు అనేది పాతవాళ్ళను తరిమే కంచె కావచ్చు, పాతవాళ్ళను కాపాడే కంచె కూడా కావచ్చు. ఎవరి కోసం కడుతున్నారన్నదే ప్రశ్న.

అయితే మన పిల్లలు ఈ పనే చెయ్యాలా? అక్కర్లేదు. కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అని 1936లోనే అంబేడ్కర్ తేల్చారు. కులవృత్తికి గౌరవం అంటూ మళ్ళీ అదే గుంజకు కట్టే మాటలను నమ్మకండి. కుటుంబ వృత్తి అనే షరతు తీసేయమని అడిగి, 2024లో తమిళనాడు ప్రభుత్వం విశ్వకర్మ పథకాన్ని అమలు చేయనంది. ఆ అనుమానం సరైనదే. నేను అడిగేది రెండు హక్కులు. వదిలిపెట్టే హక్కు, ఉండాలనుకుంటే ధర చెప్పే హక్కు. మొదటిదానికి చదువు, ఉద్యోగం, రిజర్వేషన్ కావాలి. రెండోదానికి, ఇప్పటికే పని వచ్చినవాళ్ళను పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే పద్ధతి నైపుణ్య పథకాల్లో ఉంది. దాన్ని బాలింతలకు, బిడ్డలకు మర్దన చేసే ఆడవాళ్ళకు వర్తింపజేయాలి. పీహెచ్‌సీల్లో శుభ్రత, జాగ్రత్తలు నేర్పాలి. రోజు కూలి ఇంత అని ప్రభుత్వం ప్రకటించాలి. అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ పోర్టల్‌లో వాళ్ళ పేర్లను ఊరూరా ఎక్కించే పని మన సంఘాలు చెయ్యాలి.

చరిత్ర విద్యార్థులకు ఒక పని. మీ ఊళ్ళో ఈ పని చేసిన, చేస్తున్న ఆడవాళ్ళ దగ్గర కూచోండి. ముందు వాళ్ళను పేరుతో పిలవండి, మంత్రసాని అని కాదు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎన్ని ఇళ్ళకు పోయారు, ఏమిచ్చారు, ఏ గడప దాటనిచ్చారు, ఏ గడప దాటనివ్వలేదు, రాసుకోండి. వాళ్ళు ఒప్పుకుంటేనే రికార్డు చెయ్యండి. ఇనాం కాగితాల్లో, రిజిస్టర్లలో లేని చరిత్ర అది. వచ్చే భాగం చాకిరేవు మీద.

జై భీమ్.