చెలిమెకు ఖానా లేదు

గని నీళ్ళ గురించి రాసేవాళ్ళు 1974 నీటి కాలుష్య చట్టం దగ్గర మొదలుపెడతారు. మేము చెలిమె దగ్గర మొదలుపెడుతున్నాం. ఊరబావి దగ్గరికి రానివ్వని మాలమాదిగలు వాగు ఇసుకలో చెలిమె తీసి తాగారు. ఇల్లెందులో బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. గని లోతుకు పోయినకొద్దీ ఊట నీళ్ళు తోడిపొయ్యాల్సిందే. ఎక్కడికి? పల్లానికి, అంటే వాగుకే.

వాగులోకి ఏది ఎంత వదలొచ్చో తేల్చే కేంద్ర చట్టం ఆ తర్వాత 85 ఏళ్ళకు గానీ రాలేదు. అందులోని 17వ సెక్షన్ మంచి మాటే చెప్పింది: వానల్లేని రోజుల్లో ఆ వాగులో కలవడానికి ఎన్ని నీళ్ళున్నాయో చూసి హద్దు పెట్టమంది. ఆచరణలో దేశమంతటికీ ఒకటే అంకె వచ్చింది. 2000లో బొగ్గు గనులకిచ్చిన ప్రమాణంలో తేలే మడ్డి లీటరుకు 100 మిల్లీగ్రాములు. గోదావరికీ అదే, ఎండే వాగుకీ అదే. రాష్ట్ర బోర్డు ఇంకా బిగించొచ్చని నియమాల్లోనే ఉంది.

ఇనుము సంగతి చూద్దాం. 1993 సాధారణ ప్రమాణాల్లో వదిలే నీళ్ళకు 3 మిల్లీగ్రాములు. 1991 తాగునీటి ప్రమాణం కోరింది 0.3. ఆ తేడా పోవాలంటే కనీసం తొమ్మిదింతల మంచినీళ్ళు కలవాలి. చైత్రంలో వాగులో ఆ నీళ్ళేవి? పారేదే గని నీళ్ళాయె!

కేంద్ర బోర్డు నీళ్ళను వాడకాన్ని బట్టి ఐదు తరగతులు చేసింది. మొదటి తరగతి నీళ్ళు సైతం క్రిములు చంపాకే తాగాలి. చెలిమెలోంచి నేరుగా ముంచుకొని తాగేవాళ్ళకు ఆ ఐదింటిలో ఖానా లేదు.