బడి దాకా ఒక న్యాయం, కాలేజీకి మరొకటి

1977 సెప్టెంబరులో టెక్సాస్‌లోని టైలర్ పట్టణంలో ఒక కోర్టు ఉదయం ఆరు గంటలకే విచారణ మొదలుపెట్టింది. దావా వేసినవి నాలుగు మెక్సికన్ కుటుంబాలు. వాళ్లకు కాగితాలు లేవు, ఎవరైనా గుర్తుపడితే దేశం నుంచి పంపేస్తారన్న భయం ఉంది. వాళ్లు నలుగురి కంటా పడకూడదనే న్యాయమూర్తి విలియం వేన్ జస్టిస్ ఆ వేళను ఎంచుకున్నారు. ప్రభుత్వ బడిలో తమ పిల్లలకు ఏడాదికి 1,000 డాలర్ల ఫీజు వేయవద్దని వాళ్లు అడిగారు.

ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1982 జూన్ 15న 5-4 ఆధిక్యంతో తీర్పు పిల్లల పక్షాన వచ్చింది. పెద్దలు సరిహద్దు దాటినందుకు పిల్లల్ని చదువుకు దూరం చేయడం అన్యాయమని న్యాయమూర్తి బ్రెనన్ రాశారు. అయితే ఆ రక్షణ పన్నెండో తరగతితో ఆగిపోయింది. కాలేజీ మాట అందులో లేదు. ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా సాగుతున్న వివాదమంతా అక్కడే పుట్టింది.

అమెరికాలో ప్రభుత్వ యూనివర్సిటీలు సొంత రాష్ట్రం పిల్లలకు ఒక ఫీజు, బయటివాళ్లకు అంతకు రెండు మూడు రెట్లు వసూలు చేస్తాయి. పేద విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు, ఫెడరల్ విద్యారుణాలు దాదాపుగా పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవారికే దక్కుతాయి. 1996లో క్లింటన్ సంతకంతో వచ్చిన వలస చట్టం మరో ముడి వేసింది. కాగితాలు లేని విద్యార్థికి నివాసం ఆధారంగా తక్కువ ఫీజు ఇస్తే, ఏ రాష్ట్రపు పౌరుడికైనా అదే ఫీజు ఇవ్వాలంది.

ఆ ముడి విప్పే ఒక దారిని 2001లో కాలిఫోర్నియా ఎంచుకుంది. నివాసాన్ని పక్కనపెట్టి, రాష్ట్రంలో మూడేళ్లు హైస్కూలు చదివి ఉత్తీర్ణులైతే చాలంది. ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి స్థానికత తేల్చడం తెలుగువాళ్లకు 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచీ తెలిసిన పద్ధతే. నా దృష్టిలో అంతకన్నా న్యాయమైన కొలమానం లేదు. ఇలాంటి పిల్లలకు తక్కువ ఫీజు ఇచ్చే చట్టాన్ని టెక్సాస్ అదే ఏడాది అందరికన్నా ముందే చేసింది. దానిపై సంతకం పెట్టిన గవర్నర్ రిక్ పెర్రీ రిపబ్లికన్. పదేళ్ల తర్వాత అధ్యక్ష పదవికి పోటీపడుతూ, ఆ చట్టాన్ని వ్యతిరేకించేవాళ్లకు మనసే లేదన్నారు. సొంత పార్టీవాళ్లు ఆయనపై విరుచుకుపడ్డారు.

వాషింగ్టన్‌లో మాత్రం పని జరగలేదు. చిన్నప్పుడే వచ్చి కాగితాలు లేకుండా పెరిగిన పిల్లలకు చట్టబద్ధ హోదా ఇవ్వాలని 2001లోనే ప్రతిపాదించిన డ్రీమ్ చట్టం 2010 డిసెంబరులో ప్రతినిధుల సభ దాటి, సెనేట్‌లో 60 ఓట్లు కావలసి ఉండగా 55 దగ్గర ఆగిపోయింది. 2012లో ఒబామా తెచ్చిన డాకా ఆ పిల్లలకు పని అనుమతి ఇచ్చింది కానీ ఫెడరల్ సాయం ఇవ్వలేదు.

టెక్సాస్ చట్టం 2025 జూన్ 4న కూలింది. దాన్ని రద్దు చేసే బిల్లులు నెగ్గకుండానే శాసనసభ సమావేశాలు రెండు రోజుల ముందు ముగిశాయి. కేంద్ర న్యాయశాఖ దావా వేసింది, రాష్ట్రం అదే రోజు ఒప్పుకుంది, కోర్టు అదే రోజు ఆ చట్టాన్ని నిలిపేసింది. ఇరవై నాలుగేళ్లు నిలిచిన చట్టాన్ని కోర్టులో సమర్థించే బాధ్యత రాష్ట్రానిది. ఆ బాధ్యతను అది వదిలేయడం నాకు బాధాకరం. ఆ చట్టాన్ని నమ్ముకుని డిగ్రీ సగంలో ఉన్న పిల్లల వాదన వినకుండానే అంతా ముగిసింది.

ఇదంతా సరిహద్దు దాటి వచ్చినవాళ్ల గొడవేనని మన కుటుంబాలు అనుకోవడానికి లేదు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద వెళ్లిన తెలుగు తల్లిదండ్రులతో పసితనంలోనే వెళ్లి, అక్కడే ఒకటో తరగతి నుంచి చదివిన పిల్లలు కుటుంబసభ్యులకిచ్చే హెచ్-4 వీసా మీద ఉంటారు. ఫెడరల్ సాయానికి వాళ్లూ అర్హులు కారు. ఏ దేశానికీ 7 శాతం మించకూడదన్న పరిమితి వల్ల భారతీయుల గ్రీన్ కార్డు నిరీక్షణ దశాబ్దాలకు పాకింది. ఈలోగా 21 ఏళ్లు నిండితే హెచ్-4 పోతుంది. విద్యార్థి వీసాకు మారితే చాలాచోట్ల పెరిగిన ఊళ్లోనే విదేశీ ఫీజు కట్టాలి. చట్టబద్ధమైన హోదా ఉన్నవాళ్లు కనుక డాకా కూడా వర్తించలేదు. ఈ పిల్లల కోసం 2021లో కాంగ్రెస్‌లో పెట్టిన ‘అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్’ను 2023లో మళ్లీ పెట్టారు. రెండుసార్లూ అది చట్టం కాలేదు.