కొవ్వొత్తి మంట

కొవ్వొత్తి వెలుగునిచ్చేది అది సరిగ్గా మండకపోవడం వల్లే. గ్యాస్ పొయ్యి నీలిమంట అన్నం ఉడికిస్తుంది కానీ దాని వెలుగులో పుస్తకం చదవలేం. అక్కడ గ్యాసు ముందే గాలితో కలిసి బర్నర్‌కు చేరుతుంది. కొవ్వొత్తికి ఆ వీలు లేదు. 50–60 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిన పారాఫిన్ మైనం ఒత్తి పోగుల వెంట పైకి పాకి ఆవిరవుతుంది. మండేది ఆ ఆవిరే. కాలుతున్నది ఒత్తే కదా అనిపించవచ్చు. అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి నుంచి లేచే తెల్లని పొగకు, ఒత్తికి కాస్త ఎడంగా, వెలిగించిన అగ్గిపుల్ల చూపండి: మంట పొగ వెంట కిందికి దూకి ఒత్తిని అందుకుంటుంది. మైకేల్ ఫారడే 1860–61లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్ క్రిస్మస్ ఉపన్యాసాల్లో, మంట నడిమి నల్లటి భాగంలో గాజు గొట్టం పెట్టి, ఆవిరిని బయటికి రప్పించి, రెండో కొసన వెలిగించి చూపాడు.

గాలి అంచుల్లోనే అందుతుంది కాబట్టి లోపలి ఆవిరి వేడికి విడిపోయి మసి రేణువులవుతుంది. ఆ మసి కాగి పసుపుపచ్చగా వెలుగుతుందని హంఫ్రీ డేవీ ఫారడేకు ముందే చెప్పాడు. ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి కాటుక పట్టేవారి చేతికి అంటేదీ ఈ మసే. మరి కొవ్వొత్తి ఎప్పుడూ పొగ చిమ్మదేం? మంట నిలకడగా ఉంటే మసి పై అంచుకు చేరి, అక్కడి ఆక్సిజన్‌తో కాలిపోతుంది. ఒత్తి మరీ పొడుగైతే చిమ్ముతుంది కూడా. అల్లిక ఒత్తి వంగి, కొస మంట అంచున కాలిపోయేలా చేసింది అందుకే.

వెలిగేది మసే అన్న డేవీ మాటకు గట్టి అభ్యంతరం ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లాండ్‌ది. ఎక్కువ ఒత్తిడిలో హైడ్రోజన్ మంట సైతం, ఘనరేణువులేవీ లేకుండానే, ప్రకాశిస్తుందని 1860లలో ఆయన చూపాడు. ఆ లెక్కన పళ్లెం మీది మసి, చల్లని పళ్లెం తగిలాక పుట్టిందే కావచ్చు. అయితే కొవ్వొత్తిని ఎండలో పెట్టి, నీడను తెల్లకాగితం మీద పట్టి చూస్తే, బాగా వెలిగే భాగానిదే చిక్కని నీడ. ఎండను అడ్డుకునే రేణువులు మంటలోనే ఉన్నాయన్నమాట. ఫ్రాంక్‌లాండ్ ప్రయోగం తప్పు కాదు, అది ఈ మంటకు వర్తించదంతే.

1992లో కొలంబియా అంతరిక్ష నౌకలో, 1996లో మీర్ అంతరిక్ష కేంద్రంలో కొవ్వొత్తులు వెలిగించారు. అక్కడి భారరహిత స్థితిలో వేడిగాలి పైకి లేవదు, ఆక్సిజన్ నెమ్మదిగా వ్యాపించి చేరాలి. గాలి తగ్గితే మసి పెరగాలి కదా అనవచ్చు. కానీ ఆ మంట చల్లబడి, మసి పుట్టేంత వేడి నిలవదు. మొదట కాస్త పసుపు కనిపించినా, తర్వాత ఒత్తి చుట్టూ మిగిలింది గుండ్రని, మసక నీలిమంట.