రోకలికి ఇచ్చిన మాట

వడ్లగింజ మీద రెండు పొరలు ఉన్నవి. పైది గట్టి ఊక. దాని లోపల బియ్యపు గింజను అంటిపెట్టుకొని ఉండే పలుచని పొర తవుడు. గింజ విరగకుండా మొదటి పొరను పూర్తిగా తీయాలి. రెండవ దానిని కావలసినంత మేరకే తీయాలి. వరి అన్నం తినే జాతులన్నిటికీ ఉన్న సమస్య ఇదే. దీనికి మన పూర్వులు వాడిన సాధనం రోలు, రోకలి. నేడు మిర్యాలగూడలోని మిల్లు చేసే పని కూడ ఇదే. ఈ రెండింటి నడుమ ఎవరి చేతి పని పోయినది, దానిని కాపాడుతామని ప్రభుత్వం ఇచ్చిన మాట ఏమయినది అనేవి తెలుసుకోదగిన విషయాలు.

దంపుడు కూలి

దంచడం స్త్రీల పని. రోటిలో వడ్లు పోసి, గింజలు చిందిపోకుండ కుందెన అమర్చి, ఇద్దరు ముగ్గురు కలిసి వంతులవారీగా పోట్లు వేసేవారు. చేటతో చెరిగితే ఊక ఎగిరిపోయేది; జల్లిస్తే నూకలు వేరయ్యేవి. తమ ఇంటికి తాము దంచుకొనేవారు కొందరు. ఇరుగుపొరుగు ఇండ్లలో కూలికి దంచి పొట్ట పోసుకొనేవారు మరికొందరు. కూలిగా ముట్టేది తరచు గింజలే. పొలం పనులు లేని నెలలలో పేద ఇంటి పొయ్యి వెలిగేది ఈ పనితోనే.

ఈ పనికి పోటీగా వచ్చిన మొదటి యంత్రం హల్లరు. 1885లో బ్రెజిల్ దేశంలో ఎంగెల్‌బర్గ్ అనే ఆయన దీనిని కాఫీ గింజల పొట్టు తీయడానికి కనిపెట్టినాడు. తరువాత అది వడ్లకు వచ్చినది. ఇనుప గొట్టంలో గట్లు గల ఇనుప దిమ్మ వేగంగా తిరుగుతుంది. ఆ ఒరిపిడికి ఊక, తవుడు ఒకేసారి ఊడిపోతాయి. గింజలు ఎక్కువగా విరుగుతాయి; తవుడు ఊకతో కలిసిపోతుంది. అయినా పదిమంది దినమంతా దంచే వడ్లను ఊరి గిర్ని కొద్ది సేపటిలో ఆడించి ఇచ్చేది.

చట్టం అడిగిన ప్రశ్న

దంపుడు పక్షాన నిలిచినవారు లేకపోలేదు. 1934లో గాంధీజీ ప్రేరణతో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం దంపుడు బియ్యాన్ని ప్రచారం చేసినది. దానికి శాస్త్రం కూడ తోడు నిలిచినది. జావా ద్వీపంలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, బాగా పాలిషు పట్టిన బియ్యం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవడం గమనించినాడు. తవుడులో ఉండే బి-1 విటమిను లోపమే దీనికి కారణమని తరువాత తేలినది. ఈ పరిశోధనకు 1929లో ఆయనకు నోబెల్ బహుమానంలో భాగం లభించినది.

1955లో కార్వే సంఘం గ్రామ పరిశ్రమలను పరిశీలించి, రెండవ పంచవర్ష ప్రణాళిక కాలంలో యంత్రాల వలన నిరుద్యోగం ఇంకా పెరగకుండ సాధ్యమైనంత వరకు చూడవలెనని లక్ష్యం పెట్టుకొన్నది. 1958లో పార్లమెంటు వరి మిల్లుల పరిశ్రమ నియంత్రణ చట్టం చేసినది. కొత్త మిల్లుకు అనుమతి కావాలి. అనుమతి ఇచ్చే అధికారి ఆలోచించవలసిన అంశాలలో ఒకటి ఇది: ఈ మిల్లు నడిస్తే ఆ ప్రాంతంలో గణనీయంగా నిరుద్యోగం కలుగుతుందా? యంత్రాన్ని ఈ ప్రశ్న అడిగిన చట్టాలు ప్రపంచంలో అరుదు.

కాలువ, గిడ్డంగి

కార్వే సంఘం కూర్చున్న 1955లోనే, డిసెంబరు 10వ తేదీన, నెహ్రూ నందికొండ వద్ద నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసినాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలినది. ఎడమ కాలువ నల్లగొండ జిల్లా మెట్ట పొలాల మీదుగా సాగినది. అంతవరకు చెరువుల క్రింద తప్ప వరి ఎరుగని మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలు వరి సీమలయినవి. సూర్యాపేట పరిసరాలకు 1963లో పూర్తి అయిన మూసీ ప్రాజెక్టు నీరు కూడ అందినది. ఇంత ధాన్యాన్ని రోళ్ళలో దంచడం ఊహకు అందని పని.

ఇంకొక కారణం కూడ ఉన్నది. దానిని సాధారణంగా ఎవరూ తలచుకోరు. తవుడులో నూనె ఉన్నది. దానితో బాటు నూనెను విడగొట్టే ఎంజైము కూడ ఉన్నది. దంచినప్పుడు ఈ రెండూ కలుస్తాయి. కొద్ది వారాలలోనే బియ్యం ముక్క వాసన వేస్తుంది. తవుడు పోయిన తెల్ల బియ్యం నెలల తరబడి నిలువ ఉంటుంది. 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థకు కావలసినది గిడ్డంగులలో నిలిచే బియ్యం. ఆ విధంగా ఒక చేతితో చట్టం చేసి దంపుడును కాపాడబోయిన ప్రభుత్వమే, రెండవ చేతితో మిల్లు బియ్యాన్ని కొన్నది. దంపుడు బియ్యాన్ని కొనే పెద్ద బేరగాడు ఎక్కడా లేడు. 1968లో చట్టాన్ని సవరించినారు. అప్పటి నుండి అధికారుల దృష్టి పాత హల్లర్ల స్థానంలో మంచి యంత్రాలు పెట్టించడం మీదికి మళ్ళినది. 1997లో చట్టమే రద్దయినది. ముప్ఫై తొమ్మిదేండ్లు అది పుస్తకంలో ఉన్నది. రోకలి పోట్లు మాత్రం ఊళ్ళలో ఎన్నడో ఆగిపోయినవి.

మిల్లులో మిగిలిన పని

నేటి మిల్లులో రబ్బరు తొడుగు గల రెండు రోలర్లు వేరు వేరు వేగాలతో ఎదురెదురుగా తిరిగి ఊకను ఒలుస్తాయి. గాలి ఊకను ఎగరగొడుతుంది. తవుడు విడిగా వస్తుంది. దాని నుండి వంటనూనె తీస్తారు. ఊక బాయిలరులో వంటచెరకు. చివరి యంత్రం రంగులు చూస్తుంది: జారిపడే ప్రతి గింజనూ కెమేరా గమనిస్తుంది, మచ్చ ఉన్న గింజను గాలి ఊదు రెప్పపాటులో ప్రక్కకు నెడుతుంది. చేటలో బియ్యం పోసుకొని మట్టిగింజలు ఏరిన స్త్రీల పని కూడ దీనితో పోయినది. ప్రభుత్వం అప్పగించే ప్రతి క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమయితే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమయితే 68 కిలోలు మిల్లరు తిరిగి ఇవ్వాలి. గింజ విరగని యంత్రం కొనక అతనికి గత్యంతరం లేదు.

అయితే మిల్లులో మనుషులు లేకుండ పోలేదు. ఒకే తీరున ధారగా ప్రవహించే దానిని యంత్రం సులభంగా పట్టుకొంటుంది. లారీ మీద అడ్డదిడ్డంగా ఉన్న బస్తాను ఎత్తి, మెట్లు ఎక్కి, నెట్టు కట్టడం దానికి కష్టం. ఆ పని హమాలీ భుజం మీదనే మిగిలినది. ఆ భుజం నేడు ఎక్కువగా బీహారుది. 2020 మే 8న, కరోనా కాలంలో వలస కార్మికులు దేశమంతటా ఇండ్ల దారి పట్టిన రోజులలో, రెండు వందలకు పైగా కార్మికులతో బీహారులోని ఖగడియా నుండి ఒక రైలు ఎదురు దిశలో వచ్చి లింగంపల్లిలో ఆగినది. వారు తెలంగాణ వరి మిల్లులకు వచ్చినవారు.

అదే సంవత్సరం ఆగస్టులో తెలంగాణ మంత్రివర్గం, స్థానికులకు అర్ధనైపుణ్య ఉద్యోగాలలో 70 శాతం, నైపుణ్య ఉద్యోగాలలో 60 శాతం ఇచ్చే పరిశ్రమలకు ప్రోత్సాహకాలు ప్రకటించినది. అంతకు ముందు ఏడాది ఆంధ్రప్రదేశ్ శాసనసభ 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని చట్టం చేసినది. ఈ మాటలు వాగ్దానం చేసినది ఉన్న ఉద్యోగాలలో వాటా. యంత్రం తీసుకొన్న ఉద్యోగం ఎవరి వాటాలోనూ లేదు. హమాలీ పని కూడ శాశ్వతం కాదు. బస్తాలను మోసే కన్వేయర్లు మిల్లులలో కాలు పెట్టినవి.

1958 నాటి చట్టం నిష్ప్రయోజనమని కొట్టివేయడం న్యాయం కాదు. అది సరియైన ప్రశ్ననే అడిగినది: ఈ యంత్రం వస్తే ఎవరి పని పోతుంది? అయితే జవాబు "ఫలానా వారిది" అని తేలినప్పుడు వారికి ఏమి చేయాలన్నది దానిలో లేదు. యంత్రానికి అనుమతి నిరాకరించడం ఒక్కటే దానికి తెలిసిన ఉపాయం. మిల్లు నడపడం, బాగు చేయడం దంచిన చేతులకు ఎవరూ నేర్పలేదు. తవుడు నూనె లాభంలో వారికి వాటా రాలేదు. పోయిన పనిని తిరిగి తెస్తామని ఎవరు మాట ఇచ్చినా రెండు విషయాలు అడగవచ్చు: ఆ పనితో తయారైన సరుకును మీరు కొంటారా? ఆ పని చేసిన చేతులకు రేపటి యంత్రం మీద ఏ పని నేర్పుతారు?